తడవని గొలుసు

పోయినవారం మనం వాళ్ళిద్దరినీ నడిసముద్రంలో వదిలేసి వచ్చాం. వెనక చుక్కాని పట్టుకుని కోడలు, ముందు తాళ్ళ దగ్గర మామగారు, మధ్యలో రెండు పగళ్ళూ ఒక రాత్రీ మూతి ముడుచుకున్న మౌనం. కోడలిది తెరచాపలు కుట్టే షెడ్డు. నలభై రోజుల కిందట ఆమె మొగుడు ఒక కొత్త చాపను దీవిలో ఒప్పగించి వారంలో వచ్చేస్తానని వెళ్ళాడు. వారం కాస్తా నెలయింది, నెల దాటింది. ఉత్తరం ముక్క లేదు. చివరికి ఉప్పు పడవవాడొకడు షెడ్డు గుమ్మంలో నిలబడి, "మీ ఆయన అక్కడే ఉన్నాడమ్మా, వచ్చే లాంచీకి పై ఊరు వెళ్ళిపోతున్నాడట" అని చల్లగా చెప్పి తన దారిన పోయాడు. దీవి నుంచి పై ఊరికి లాంచీ వారానికి ఒక్కటే. పదకొండింటికి బయలుదేరుతుంది. ఆ రోజు ఇదే.

ఎనిమిదిన్నరకు పడవ రేవులోకి వచ్చింది. చేతిలో రెండున్నర గంటలున్నాయి. లంగరు వేయడానికి పావుగంట, తెడ్ల పడవ దింపుకుని ఒడ్డు చేరడానికి ఇంకో పావుగంట, మిగిలిన రెండు గంటలూ మొగుణ్ణి దొరకబుచ్చుకుని కడిగిపారేయడానికి సరిపోతాయని ఆమె దారిపొడుగునా లెక్కేసుకుంటూ వచ్చింది. ఏం అడగాలో, ఏ మాట తర్వాత ఏ మాట అనాలో కూడా వరస కట్టి పెట్టుకుంది. పాపం, సముద్రం మీద ఉన్నంతసేపూ మనుషులు అలాగే అనుకుంటారు.

రేవు చిన్నది. వంపు తిరిగిన రాతిగోడ, లోపల పదీ పన్నెండు పడవలు, ఎదురుగా ఆకుపచ్చ తలుపుల రేవు ఆఫీసు, దాని పక్కన రేకుల కప్పున్న పొడుగాటి గోదాము. లాంచీ ఆగేది ఆ గోదాముకు అవతల. గోదాము అడ్డంగా ఉండడంతో ఇటు నుంచి లాంచీ కనిపించదు. దాని పొగగొట్టం మాత్రం రేకుల పైనుంచి తొంగిచూస్తూ సన్నగా పొగ వదులుతోంది. ఆ పొగ కంటబడిన దగ్గర్నుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు.

"నాలుగు బారలు!" అని ముందు నుంచి మామగారు కేకేశారు. సీసపు గుండు కట్టిన తాడు నీళ్ళలోకి వదిలి లోతు కొలవడం ఆయన పద్ధతి. లోతు తెలిశాక మిగిలినదంతా ఆ పడవలో ఎవరికైనా నోటికొచ్చిన పాఠమే. లోతు ఎంతో అంతకు ఐదింతల గొలుసు వదలాలి. నాలుగు బారల లోతుకు ఇరవై బారల గొలుసు. అప్పుడే గొలుసు అడుగున బారుగా పడుకుని లంగరును నేలకు అదిమిపెడుతుంది. తక్కువ వదిలితే పడవ ఊగినప్పుడల్లా లంగరు పైకి లేచి, పట్టు తప్పి, ఇసుకలో ఈడ్చుకుంటూ వస్తుంది.

ఈ పాఠం ఆమెకు చెప్పింది మామగారే. కొడుక్కి పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. కోడలు మాత్రం పెళ్ళయిన ఏడాదికే గాలి ఎటు మళ్ళుతుందో మెడ మీద తగిలే చల్లదనంతో చెప్పడం నేర్చుకుంది. "నాకు పుట్టాల్సింది ఈ పిల్ల" అని ఆయన కనబడినవాళ్ళందరితోనూ అనేవారు. కొడుకు పక్కనే ఉన్నాడా లేడా అని చూసుకునేవారు కూడా కాదు.

ఆ పడవకు ఇంజను లేదు. గాలి ఉండగా ఆ కంపు దేనికనేది ఆయన వాదన. అందుకే ఆమె చుక్కాని నెట్టి పడవ ముక్కును గాలికి ఎదురు తిప్పింది. చాప టపటపా కొట్టుకుంది. పడవ నెమ్మదించి, ఆగింది. "వేశా!" అన్నారు మామగారు. లంగరు బుడుంగున మునిగింది, గొలుసు గడగడమంది. కాసేపటికి "ఇరవై బారలు!" అన్న కేక వినబడింది.

పడవ వెనక్కు జరిగి గొలుసుకు వేలాడింది. ఆమె పద్ధతి ప్రకారం ఒడ్డు మీద రెండు గుర్తులు చూసుకుంది. ముందు దీపస్తంభం, దాని వెనక ఆఫీసు తలుపు అంచు. రెండూ ఒక గీతలో కదలకుండా ఉంటే లంగరు పట్టినట్టు. ఆమె తెడ్ల పడవ తాడు ముడి విప్పుతూ మళ్ళీ ఒకసారి అటు చూసింది. దీపస్తంభం మెల్లగా తలుపు దాటి పక్కకు జరుగుతోంది. స్తంభాలు నడవవు కాబట్టి నడుస్తున్నది తమ పడవే.

"జారుతోంది మావయ్యా!"

"ఇసుక మెత్తగా ఉందమ్మాయ్. తీసి మళ్ళీ వేద్దాం."

తీసి మళ్ళీ వేయడమంటే మాటలు కాదు. చేతితో తిప్పే చక్రం మీద గొలుసు అంగుళం అంగుళం పైకి రావాలి. లంగరుకు అంటుకున్న బురద కడగాలి. చాప ఎత్తాలి, రేవంతా ఒక చుట్టు తిరగాలి, మళ్ళీ గాలికి ఎదురు రావాలి. అరగంట ఆవిరైపోయింది. రెండోసారి వేశారు. "ఇరవై బారలు!" అన్నారు. ఆమె గుర్తులు చూస్తూ మనసులో వంద లెక్కపెట్టింది. అరవై దగ్గరకు వచ్చేసరికి స్తంభం మళ్ళీ నడక మొదలుపెట్టింది.

ఈసారి వెనక ఎర్రపడవలో వల బాగుచేసుకుంటున్న మనిషి లేచి నిలబడ్డాడు. "ఏమమ్మా, చోటు సరిపోలేదా, నా ఒళ్ళో కూర్చుంటారా?" అని వెటకారంగా అడిగి, పొడుగాటి కర్రతో వాళ్ళ పడవను నెట్టి అవతల పారేశాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఏ రేవులోనూ ఎవరి చేతా మాట పడని పడవ అది. మామగారికి మాత్రం అదేమీ పట్టలేదు. నిమ్మకు నీరెత్తినట్టు చక్రం తిప్పుతూ కూర్చున్నారు.

ఒడ్డు ఎంత దూరమని! రాతిమెట్ల మీద ఎండబెట్టిన బట్టలకు ఉన్న అతుకులు కూడా కనబడుతున్నాయి. ఆఫీసు గోడ మీది గడియారం ముల్లు కనబడుతోంది. గట్టిగా అరిస్తే వినబడేంత దూరంలో తన కాపురం ఉంది, తానేమో రేవులో గానుగెద్దులా తిరుగుతోంది. దూకి ఈదుకుంటూ పోదామా అని కూడా అనిపించింది. పోతే ఈ పడవ ఆ ఎర్రపడవ మీదికి వెళ్ళి పడుతుంది, పెద్దాయన ఒక్కరి వల్లా కాదు. పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ చుక్కాని పట్టుకుంది.

మూడోసారీ జారింది. గడియారం పది కావడానికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. గోదాము వెనక లాంచీ ఒక కూత కూసింది. సామాను ఎక్కించుకోమని మొదటి కూత.

"నా చేతులు పడిపోయాయమ్మాయ్. కాస్త ఊపిరి పీల్చుకోనీ" అన్నారు మామగారు ముందు నుంచి.

ఆమె చుక్కానిని తాడుతో కట్టేసి ముందుకు పరిగెత్తింది. ఆయన్ని పక్కకు జరగమని తానే చక్రం పట్టుకుని తిప్పింది. గొలుసు పైకి వస్తోంది, నీళ్ళు కారుతూ, బురద కక్కుతూ. ఆ గొలుసుకు ప్రతి ఐదు బారలకూ ఒక గుడ్డ పీలిక కుట్టి ఉంటుంది. ఎంత వదిలారో ఒక చూపులో తెలియడానికి. చాపలు కత్తిరించగా మిగిలిన ముక్కలతో వాటిని కుట్టింది ఆమే. ఐదుకు ఎరుపు, పదికి తెలుపు, పదిహేనుకు నీలం, ఇరవైకి పసుపు. తెల్ల పీలిక నీళ్ళోడుతూ పెట్టెలో పడి ఉంది. దాని మీద ఎర్ర పీలిక వచ్చి పడింది. లంగరు పైకి తేలింది.

ఆమె పెట్టెలోకి వంగింది. తెలుపు కింద ఉండాల్సిన నీలాన్ని, పసుపును చేత్తో వెతికి పట్టుకుంది. రెండూ గరగరలాడుతున్నాయి. వాటి మీద పాత ఉప్పు తెల్లగా పేరుకుని, వేలితో గీకితే పొడిలా రాలింది. ఇవాళే కాదు, రెండు రోజులుగా వాటికి ఒక్క చుక్క నీరు తగల్లేదు.

"మావయ్యా, ఇటు రండి."

"లాగడం అయిందిగా, చాప ఎత్తు. గాలి పెరిగేలా ఉంది."

"ఇటు రండి. ఈ నీలం పీలిక ముట్టుకోండి."

ఆయన రాలేదు. "ఎండకి ఆరుంటుంది" అన్నారు అక్కణ్ణుంచే.

"తెల్లదాన్ని పిండితే చెంబుడు నీళ్ళు కారుతున్నాయి. దాని పక్కదే ఎండకి ఆరిందా? ఇరవై బారలు అని మూడుసార్లు కేకేశారు. మీరు వదిలింది పది. నాలుగు బారల నీటికి పది బారల గొలుసు!" అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. "నాకు ఐదింతలు అని చెప్పిందెవరు? ఒకసారి తప్పు వదిలానని పడవంతా నా చేత కడిగించిందెవరు? చేతులు పడిపోయాయంటే నిజమే అనుకున్నాను. కావాలనే చేస్తున్నారు కదూ?"

మామగారు లంగరు పెట్టె మూత మీద కూలబడ్డారు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు.

"చెప్పండి!"

"వాడే రాశాడమ్మా."

"ఎవరు?"

"ఎవరేంటి, నీ మొగుడే. నిన్ను తీసుకురావద్దని రాశాడు. ఒకవేళ మొండికేసి నువ్వు బయల్దేరినా, లాంచీ వెళ్ళేదాకా ఒడ్డుకి రానివ్వద్దన్నాడు. నీ మొహం చూడలేనన్నాడు."

ఆమె పీలిక వదిలేసింది. "ఉత్తరం వచ్చిందా? ఎప్పుడు?"

"పది రోజులైంది."

"ఏదీ?"

"చించేశా. నువ్వు చూస్తే తట్టుకోలేవని చించేశా. నాకు మాత్రం ముద్దా ఇది? నిన్ను ఒక్కదాన్నీ సముద్రం మీదికి పంపలేక వచ్చాను. వచ్చాక వాడి మాటా కాదనలేకపోయాను."

మామూలుగా అయితే ఆమె ఇంకో పది ప్రశ్నలు వేసేది. ఆ పూట వేయలేకపోయింది. ఎందుకంటే ఆ మాట ఆమెకు అబద్ధంలా అనిపించలేదు. మొగుడు బయలుదేరడానికి ముందురోజు షెడ్డులో ఏం జరిగిందో ఆమెకు బాగా గుర్తుంది. ఆరుగురు పనివాళ్ళ ముందు ఆమె, అతను కుట్టిన చాప అంచును ఎత్తి పట్టుకుని, "ఇది కుట్టా? కోడి గెలికినట్టుంది. సూది అక్కడ పెట్టేసి చాపలు మొయ్యి, అది చాలు" అంది. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. సూది అక్కడ పెట్టేశాడు. ఆ నవ్వు నలభై రోజులుగా ఆమె కడుపులో ముల్లులా ఉంది. అలాంటి మాట పడ్డ మనిషి మొహం చూడలేనని రాశాడంటే ఎలా కాదంటుంది?

"సరే" అంది చివరికి. "ఆ మాట నాతోనే చెప్పమనండి. మొహం చూడలేకపోతే అటు తిరిగి చెప్పమనండి. నేనూ చెప్పాల్సింది ఒకటుంది, అది ఒక్క ముక్కలో అయిపోతుంది. మీరు వెళ్ళి చుక్కాని పట్టుకోండి. లంగరు నేను వేస్తాను."

ఆయన లేచి వెళ్ళారు. ఒక్క విషయం ఒప్పుకోవాలి. గొలుసు దగ్గర ఎంత మోసం చేసినా, చుక్కాని చేతికొచ్చాక ఆ మనిషి వంకరగా నడపలేకపోయారు. పడవను తెచ్చి గాలికి ఎదురుగా, ఎర్రపడవకు ఆమడదూరంలో, సూది బెజ్జంలో దారం ఎక్కించినంత సరిగ్గా నిలబెట్టారు. పడవ పూర్తిగా ఆగేదాకా ఆమె ఆగింది. లంగరు విసరలేదు, మెల్లగా దించింది. అడుగు తగిలాక పడవ వెనక్కు పోతున్నకొద్దీ గొలుసు వదిలింది. ఎరుపు పోయింది. తెలుపు పోయింది. నీలం పోయింది. పసుపు పీలిక నీళ్ళలోకి దిగేటప్పుడు దాని మీది ఉప్పు కరిగి రంగు బయటపడింది.

బిగిసిన గొలుసు మీద పాదం ఆనించి చూసింది. లంగరు జారుతుంటే గొలుసు గుర్రుగుర్రుమని కాలికి తెలుస్తుంది. ఏమీ తెలియలేదు. స్తంభం తలుపు అంచు మీదే నిలబడి ఉంది. గంటన్నరగా కాని పని పది నిమిషాల్లో అయిపోయింది, అదే ఆమెకు ఇంకా మండింది.

పది దాటి పది నిమిషాలు.

అయినా అప్పుడే ఒడ్డుకు పోవడానికి లేదు. ఏ పడవ వచ్చినా ముందు పసుపు జెండా ఎత్తాలి. కెప్టెన్ ఒక్కరే కాగితాలు పట్టుకుని దిగి, రేవు ఆఫీసులో సంతకం పెట్టి ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర పడేదాకా పడవలో మిగతావాళ్ళు నేల మీద కాలు పెట్టకూడదు. పెడితే గేటు దగ్గరే పట్టుకుని వెనక్కు పంపేస్తారు. ఇన్నేళ్ళుగా ప్రతి రేవులోనూ మామగారు వెళ్ళి ముద్ర తెచ్చేవారు, ఆమె పడవలో కూర్చుని ఎదురుచూసేది. ఇవాళ ఆయన వెళితే ఆ ముద్ర సాయంత్రానికి గానీ పడదని ఆమెకు తెలుసు. ఏం చేయాలో తోచక జెండా తాడు పట్టుకుని నిలబడిపోయింది.

మామగారు లోపలికి వెళ్ళి కాగితాల రేకుడబ్బా తెచ్చారు. దాన్ని ఆమె చేతిలో పెట్టారు.

"నువ్వే వెళ్ళు. కెప్టెన్‌గా నీ పేరే రాయించుకో."

ఆమె నమ్మలేదు. "నా పేరా?"

"నాలుగోసారి లంగరు పట్టించిందెవరు? నువ్వేగా. రాయించుకో. నేను పడవలోనే ఉంటా. వాడి ఎదుట పడే మొహం నాకూ లేదు."

నలభై ఏళ్ళలో రేవు పుస్తకంలో కెప్టెన్ అన్న గడిలో ఇంకొకరి పేరు ఎక్కలేదు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నప్పుడు కూడా గోడ పట్టుకుని నడుస్తూ వెళ్ళి తన పేరే రాయించుకున్న మనిషి. కొడుకు పేరు రాయమని అత్తగారు ఉన్నన్నాళ్ళూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా రాయించని మనిషి. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇప్పటిదాకా ఆయన్ని అన్న మాటలన్నీ నోట్లోకి చేదుగా తిరిగొచ్చాయి. "ఏదో కోపంలో అనేశాను మావయ్యా" అంది.

"వెళ్ళమ్మా, వెళ్ళు. టైమవుతోంది."

ఆయనే తెడ్ల పడవ దింపి పెట్టారు. అంతసేపూ ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేదు.

తెడ్లు వేస్తుంటే ఎదురుగాలి. మూడడుగులు ముందుకు పోతే ఒకడుగు వెనక్కు. ఎర్రపడవ మనిషి "మీ పడవ కుదురుకున్నట్టుందే!" అని పలకరిస్తే తల కూడా తిప్పకుండా తెడ్లు వేసింది. రాతిమెట్ల దగ్గర తాడు కట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని ఆఫీసులోకి పరిగెత్తేసరికి పదిన్నర.

రేవు గుమాస్తా అంతకుముందు వచ్చిన పడవ కాగితాలను దారంతో కుడుతున్నాడు. "కూర్చోండి" అన్నాడు తల ఎత్తకుండా. కూర్చోలేదామె. కుట్టడం అయ్యాక దారాన్ని పంటితో కొరికాడు. పెద్ద పుస్తకం తెరిచాడు. కలంలో సిరా ఉందో లేదో వెనక పేజీలో గీసి చూసుకున్నాడు. ఆమెకు ఆ కలం లాక్కుని తానే రాసేయాలనిపించింది.

"పడవలో ఎంతమంది?"

"ఇద్దరం."

"జబ్బు మనుషులు?"

"లేరు."

"ఎలుకలు?"

"లేవండీ. కాస్త తొందరగా..."

"తొందర అందరికీ ఉంటుందమ్మా. చావులేమైనా, దారిలో?"

"ఇంకా లేవు" అంది.

గుమాస్తా అప్పుడు తల ఎత్తి చూశాడు. "కెప్టెన్ రాలేదేం?"

"నేనే కెప్టెన్ని."

అతను కిటికీలోంచి పడవను చూశాడు. మళ్ళీ ఆమెను చూశాడు. "ఆ పెద్దాయన ఉన్నారుగా. ఏళ్ళ తరబడి ఆయనే వస్తుంటారు. ఈ రేవు గురించీ, ఇక్కడి రూళ్ళ గురించీ నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన్నే పిలవండి, రెండు నిమిషాల పని."

"ఆయనే నా పేరు రాయించుకోమన్నారు."

"ఆయనే అన్నారా?" గుమాస్తా కలం ఆపేశాడు. "చూడమ్మా, రాయడానికి నాదేం పోయింది. కానీ కెప్టెన్ అని ఒకసారి ఎక్కిందంటే..."

గోదాము అవతల రెండో కూత వినబడింది. జనం ఎక్కమని.

"ఎక్కిందంటే ఎక్కనివ్వండి! ఆడదాని పేరు రాయడానికి మీ కలం రాకపోతే ఇటివ్వండి, నేనే రాసుకుంటాను!"

"నేనన్నది అది కాదమ్మా..."

"రాయండి బాబూ, మీకు దణ్ణం పెడతాను!"

గుమాస్తా భుజాలు ఎగరేసి రాశాడు. ముద్ర పెట్టె తెరిస్తే సిరా ఎండిపోయి ఉంది. దాని మీద నీళ్ళు చిలకరించి, వేలితో మెదిపి, ముద్రను రెండుసార్లు పాత కాగితం మీద కొట్టి చూసుకుని, మూడోసారి ఆమె కాగితం మీద కొట్టాడు. ఆమె కాగితం గుంజుకుని, ఆరకముందే బయటపడింది. గోడ గడియారంలో పదకొండుకు పది నిమిషాలు తక్కువ.

గోదాము చుట్టూ పరిగెత్తింది. బస్తాలు, తోపుడుబండ్లు, మూటల మీద కూర్చున్న మనుషులు. ఒక మలుపు తిరిగేసరికి లాంచీ ఎదురుగా నిలబడి ఉంది. రేవుకూ దానికీ మధ్య ఒక వెడల్పాటి చెక్క వేసి ఉంది. ఆ చెక్క అవతలి కొస దగ్గర, లాంచీ కమ్మీ పట్టుకుని, మొగుడు.

దారిపొడుగునా వరస కట్టుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. అతను ఆమెను చూశాడు. మొహం తిప్పుకుంటాడనుకుంది. అతని మొహం విప్పారింది.

"అమ్మయ్య, వచ్చేశావా! నా ప్రాణం కుదుటపడింది. ఎనిమిది నుంచీ చూస్తున్నా. ఈ గోదాము అడ్డమొచ్చి చావడం వల్ల మన పడవ వచ్చిందో లేదో తెలిస్తేగా. కదిలితే సామాను పోతుంది. రా, రా, తొందరగా ఎక్కు! నీ పెట్టె ఏదీ? నాన్న తెస్తున్నాడా?"

పెళ్ళికి ముందు నుంచీ ఒకే బల్ల దగ్గర చాపలు కుట్టినవాళ్ళు వాళ్ళు. అతని గొంతులో దాపరికం ఉంటే ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది. లేదు.

"ఏ పెట్టె?" అంది.

"అదేంటి, ఉత్తరంలో రాశాగా. నీకు రెండు రాశాను, నాన్నకి ఒకటి. పై ఊళ్ళో పెద్ద కార్ఖానాలో ఇద్దరికీ పని ఇస్తామన్నారు. ఆ మేస్త్రీ ఇక్కడికే వచ్చి నెల రోజులు నా చేత కుట్టించి చూశాడు. రేపు పొద్దున్నే చేరాలి, లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. నువ్వు ఒప్పుకుంటే ఈ లాంచీ టైముకి తీసుకురమ్మని నాన్నకి రాశాను." చొక్కా జేబులోంచి రెండు టిక్కెట్లు తీసి చూపించాడు. చెమటకు మెత్తబడిపోయి ఉన్నాయవి. కాస్త సిగ్గుపడుతూ అన్నాడు, "నా కుట్టు తిన్నగా ఉందన్నాడు మేస్త్రీ. నువ్వు ఆ రోజు అన్నది నిజమే. అందుకే కూర్చుని నేర్చుకున్నా."

ఇంటికి వచ్చే ఉత్తరాలు రోజూ పొద్దున్నే పోస్టాఫీసుకు నడిచి వెళ్ళి తెచ్చేది మామగారు. నలభై రోజులూ ఆయనే తెచ్చారు. నలభై రోజులూ "నీకేం లేవమ్మాయ్" అన్నారు.

ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా భగ్గుమంది. గొలుసు దగ్గర ఒక అబద్ధం, అది పట్టుబడితే దాని మీద ఇంకో అబద్ధం. ఆ రెండోదాన్ని ఆమె పాత తప్పుతోనే అతికించి ఆమె చేతికే ఇచ్చారు. అయినా ఇప్పుడు ఆయనతో తగవుకు వ్యవధి లేదు. టిక్కెట్టు ఉంది, మొగుడు ఉన్నాడు, పెట్టె లేకపోతే పీడాపోయింది. ఆమె చెక్క మీద కాలు పెట్టింది.

"ఆగమ్మా." చెక్క దగ్గర నిలబడ్డ సరంగు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ చేతిలో కాగితమేంటి?"

చూస్తే ముద్ర కాగితం ఇంకా గుప్పిట్లోనే ఉంది. ఆమె వేళ్ళకు సిరా అంటింది. సరంగు దాన్ని విప్పి, దూరం పెట్టి చదివాడు.

"కెప్టెన్ మీరేనా? అయితే కుదరదు. పడవ రేవులో ఉండగా దాని కెప్టెన్ లాంచీ ఎక్కకూడదు. పడవని ఇక్కడ పారేసి పోతే ఎవరు చూస్తారు? ఈ పేరు కొట్టించి వేరే పేరు రాయించుకు రండి, కొత్త కెప్టెన్ వచ్చి సంతకం పెట్టాలి. రూలమ్మా. రేవులో పడవ నడిపేవాళ్ళందరికీ తెలిసిందే."

గుమాస్తా చెప్పబోయింది ఇదే. ఆమె చెప్పనివ్వలేదు. పడవ నడిపేవాళ్ళందరికీ తెలిసిన రూలు, ఒకసారీ కెప్టెన్ కాని ఆమెకు తెలియని రూలు, నలభై ఏళ్ళు కెప్టెన్‌గా ఉన్న ఆయనకు తెలియదా? ఎవరికీ ఇవ్వని పేరును రేకుడబ్బాలో పెట్టి ఎందుకిచ్చారో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. కొడుకు పోతే పోనీ, తన పడవకు ఈ పిల్ల మిగిలితే చాలనుకున్నారు. ఆ గడిలో తన పేరు అనగానే తాను కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పైగా, కోపంలో అనేశానని ఆయనకే సంజాయిషీ చెప్పుకుంది.

మూడో కూత. లాంచీ మీద ఎవరో తాళ్ళు విప్పుతున్నారు.

"ఏమైంది? ఏంటా కాగితం?" మొగుడు కమ్మీ మీదుగా వంగి చెయ్యి చాపాడు. "ఆ గొడవ తర్వాత చూసుకుందాం. ఎక్కు!"

"దిగు!" అంది ఆమె.

"రేపు పొద్దున్నే చేరకపోతే ఆ పని పోతుంది. నెల రోజులు కుట్టాను! ఎక్కు!"

"నేను ఎక్కడానికి లేదు. మీ నాన్న నన్ను ఎక్కకుండా చేశాడు. దిగు, అంతా చెప్తాను!"

"నాన్నా?" అతని చెయ్యి గాలిలో అలాగే ఆగిపోయింది.

సరంగు అతన్నొకసారి, ఆమెనొకసారి చూశాడు. వంగి చెక్క కొస రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఎక్కేదెవరో దిగేదెవరో మీరే తేల్చుకోండి. నేను చెక్క తీసేస్తున్నా."